ఓడబంగళాలో రెండో జీవమ్మ

పోయిన వారం ఆవిడను ఓడబంగళా వసారాలో నిలబెట్టి వచ్చాను, గుర్తుందా? నంద్యాల బస్సు దిగి, చేతిలో ఒక గుడ్డసంచీతో, మ్యూజియం చూడాలని వచ్చింది. వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే సందర్శకుల పుస్తకంలో పేరు రాయమన్నాను. "జీవమ్మ, తండ్రి రాజరత్నం, పెగూ, బర్మా దేశం" అని రాసింది. జీవమ్మ నా పేరు. రాజరత్నం మా నాయన పేరు. మేము పెగూ నుంచి వచ్చామని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. కాబట్టి మీలో చాలామంది ఈపాటికి తీర్పు చెప్పేసి ఉంటారు. ఎవరో మాయలాడి, బంగళా మీద కన్నేసి, చనిపోయిన పెద్దమనిషికి కూతురినని చెప్పుకుంటూ దిగబడిందని.

మాయలాడి ఆవిడ కాదు. నేను.

ఇన్ని వారాలుగా ఓడ సంగతి, క్యాంపు సంగతి, ఈ బంగళా సంగతి పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాను. ఇదొక్కటి మింగేశాను. చెబితే మీరు నా మాట వినడం మానేస్తారని భయం. మీరు తప్ప నాకు వినేవాళ్ళు ఇంకెవరున్నారు? బళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి సాయంత్రం బంగళా వెనక గదికి చేరితే, మళ్ళీ పొద్దునదాకా మనిషి గొంతు వినపడని బతుకు నాది. తిట్టుకుంటే తిట్టుకోండి. చదవడం మాత్రం ఆపకండి.

అది 1984 జూన్, రెండో శనివారం. పొద్దున పదయింది. పుస్తకం మా ఇద్దరి మధ్యా తెరిచి ఉంది. ఆవిడ కలానికి మూత పెట్టి నా చేతికిచ్చి, ఏమంటావన్నట్టు నిలబడింది. నేనేం చేశానో చెబితే నవ్వుతారు. గొంతు సవరించుకుని, వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పే పాఠమే ఆవిడకూ మొదలుపెట్టాను.

"ఇది మొదట పత్తి గోడౌనమ్మా. ఈ ఊరి సావుకారి ఒకాయన కట్టించినాడు. పైన నాపరాళ్ల మిద్దె, దానికింద టేకు దూలాలు. దూలాలు రంగూన్ నుంచే వచ్చినాయి, మాకంటే ముప్పై ఏండ్లు ముందు."

ఈ మాట దగ్గర ఎవరైనా తలెత్తి దూలాలు చూస్తారు. ఆవిడ చూడలేదు. నన్నే చూస్తోంది.

నా నోరు ఆగితే కదా! బర్మా సర్కారు దుకాణాలూ మిల్లులూ స్వాధీనం చేసుకున్నాక మనవాళ్ళు తిరుగు ఓడలెక్కిన సంగతి చెప్పాను. అరవై అయిదులో మా ఓడలో వచ్చిన ఇరవై ఆరు కుటుంబాలను నంద్యాల స్టేషన్‌లో దింపి, లారీల్లో ఇక్కడికి తెచ్చి, ఖాళీగా ఉన్న ఈ గోడౌన్లో పెట్టారని చెప్పాను. స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగాను అంకణం అంటారు. కుటుంబానికొక అంకణం. మధ్యన గోనెపట్టాలు కట్టుకుని అందులోనే వండుకున్నారు, అందులోనే కన్నారు. ఊరివాళ్ళు మమ్మల్ని ఓడోళ్ళన్నారు, దీన్ని ఓడబంగళా అన్నారు. బంగళా అట! వాన పడితే మిద్దె కింద గిన్నెలు పరిచేవాళ్ళం.

తర్వాత్తర్వాత ఒక్కొక్కరే కదిలారు. శ్రీశైలం డ్యామ్ పనికి సున్నిపెంట కొందరు, చాగలమర్రి రోడ్డు మీద టీ అంగళ్లు పెట్టుకుని కొందరు, శిరివెళ్ల పక్క కౌలు సేద్యానికి కొందరు. పోయే ప్రతి కుటుంబాన్నీ మా నాయన ఒక్కటే అడిగాడు. బర్మా నుంచి తెచ్చుకున్న వస్తువు ఏదైనా ఒక్కటి మీ అంకణంలో వదిలిపెట్టి పోండి అని. అట్లా డెబ్భై నాలుగు నాటికి ఇది మ్యూజియం అయింది. ఒక అంకణంలో లక్క డబ్బా, ఒక అంకణంలో ఓడలో ఇచ్చిన రేకు గ్లాసు, ఒకదాంట్లో గొడుగు కాడ మాత్రమే. బంగారం వెండి చూద్దామని వచ్చినవాళ్ళు ఇదేం మ్యూజియమని గొణుక్కుంటూ పోతారు. పోనీ!

"ఇచ్చినోళ్లు దాని కత నోటితో చెప్పల్ల. నేను రాసుకోని, మళ్లీ చదివి ఇనిపిస్తా. 'నిజమే' అని వాళ్లంటేనే అట్ట మీద రాసి గోడకు తగిలిస్తాం. ఒక్క అబద్ధం గూడా గోడెక్కగూడదని మా నాయన పట్టు," అన్నాను.

పదేళ్ళుగా గర్వంగా చెప్పుకున్న మాట ఇది. ఆ పూట నోట్లోంచి వస్తుంటే నా చెవులకే సిగ్గేసింది.

పదకొండో అంకణం దగ్గర ఆవిడ ఆగిపోయింది. అది మాది. మేజా మీద నాయన కీర్తనల పుస్తకం, కండ్లద్దాలు, గాజు కింద మా ఓడ పాసు. ఆవిడ వంగి కండ్లద్దాలు చూసింది. ఒక కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది.

"ఈ కాడ నా చేతిలోనే ఇరిగింది. పదేండ్లప్పుడు. నాయన తిట్టలే. దారం చుట్టుకోని మూడు దినాలు నన్ను చూసి నవ్వినాడు," అంది. "ఇంగా అదే దారం పెట్టుకోని ఉండాడే!"

ఆ దారాన్ని వారం వారం దుమ్ము దులిపేది నేను. ఎందుకు చుట్టాడని ఏనాడూ అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు.

తర్వాత ఆవిడ గోడ మీద అట్ట చదివింది. "రాజరత్నం గారు, ఉపదేశి. వీరి ఒక్కగానొక్క కుమార్తె జీవమ్మ ఈ మ్యూజియమును చూచుకొనుచున్నారు." పైకే చదివింది, అక్షరం అక్షరం.

"ఎవురు రాసినారు ఇది?"

"నేనే."

"అక్షరాలు బాగుండాయి," అంది.

చెంప మీద కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. కడవలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను. నేనే ముందు బండ మీద కూర్చున్నాను. ఆవిడ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది.

"ఓడ కాడ 'ఉన్నాను' అనింది నువ్వేనా?"

"నీకెట్ల తెలుసు?" అన్నాను. "నువ్వు అంతకుముందు దినమే ఇల్లిడిసి పోయినావంట గదా."

"పోయినా. మళ్లీ వచ్చినా."

ఇక్కడ మీకు పాసు సంగతి చెప్పకపోతే ఏమీ అర్థం కాదు. ఓడెక్కాలంటే కుటుంబానికొక పాసు. ఇంటిపెద్ద ఫోటో పైన, మిగతావాళ్ళ పేర్లూ వయసులూ కింద. పేరు లేనివాళ్ళు ఎక్కడానికి లేదు. పేరున్నవాళ్ళలో ఒక్కరు తక్కువైనా ఆ పాసు చెల్లదు, మళ్ళీ కొత్తదానికి నెలల తరబడి తిరగాలి. రేవులో ఆఫీసరు ఒక్కొక్క పేరే పిలుస్తాడు. "ఉన్నాను" అని పలికి ముందుకు నడవాలి. అందుకని ఎవరైనా తప్పిపోతే, చనిపోతే, వాళ్ళ చోట ఇంకొకరిని నిలబెట్టడం మావాళ్ళలో కొత్తేం కాదు. పాసు తమ్ముడు, పాసు కోడలు అని చాటుగా నవ్వుకునేవాళ్ళం. మద్రాసులో దిగాక ఎవరి దారి వాళ్ళు చూసుకునేవాళ్ళు. నాకు చూసుకోవడానికి దారి లేదు.

మా అమ్మ పేరు అనసూయమ్మ. రంగూన్‌లో పజన్‌డాంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లులో తవుడెత్తేది. మా నాన్న నాకు గుర్తు లేడు. ఆ ఏడు మే నెలలో అమ్మకు విషజ్వరం వచ్చి ఒక ఆసుపత్రిలో చేరింది. నాకప్పుడు పదిహేడు. రోజూ గంజి తీసుకుపోయేదాన్ని. ఒకరోజు పోయేసరికి అమ్మ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆ వరసలో అయిదుగురు చనిపోయారని, తెల్లవారకముందే పూడ్చేశారని వార్డులో మనిషి చెప్పాడు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు. గంజి గిన్నె పట్టుకుని, మిల్లువాళ్ళు ఉంటారేమోనని ఓడవాళ్ళ క్యాంపుకు నడిచాను. మిల్లువాళ్ళు ఒక్కరూ లేరు. అక్కడ కట్టెలకుప్ప మీద ఏడుస్తూ కూర్చుంటే, కండ్లద్దాలాయన ఒకరు వచ్చి నా పేరు అడిగారు. ప్రేమకుమారి అని చెప్పాను.

"రేపొక్కనాటికి జీవమ్మవి కా తల్లీ," అన్నాడాయన. ఆ రేపొక్కనాడు పంతొమ్మిదేళ్ళయింది.

ఇదంతా ఆవిడకు చెప్పాను. నా మాటలయ్యాక, తన సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ తన సంగతి చెప్పింది.

"పెగూలో రైలు ఆఫీసులో పనిచేసే బర్మా ఆయప్ప ఒకడు. వానితోనే బతకల్లని ఇల్లిడిసి పోతి. మరుసటి దినం మనసు నిలవలే మే. నాయన ఒక్కడే పోతాడే, కాలు జారితే పట్టుకునేదానికి గూడా ఎవురూ లేరే అని. రైలెక్కి రంగూన్ వచ్చినా. రేవు కాడ ముండ్ల కంచె. దాటి పోనియ్యలే. కంచె అవతల నిలబడి చూస్తాండా. ఆఫీసరు నా పేరు పిలిచినాడు. నేను నోరు తెరిచేలోపలే నువ్వు పలికినావు."

ఆవిడ సంచీ తాడు వేలి నుంచి విప్పింది.

"నాయన నీ చెయ్యి పట్టుకోని, ఎనక్కి తిరిగి చూసినాడు. నన్ను చూసినాడు మే. కండ్లలోకి చూసినాడు. చూసి, తల దించుకోని ఎక్కిపాయ."

అవును, ఆ క్షణం నాకు బాగా జ్ఞాపకం. చెక్కల వంతెన మీద ఆయన ఆగిపోయి, నా చెయ్యి ఎముకలు నొప్పెట్టేట్టు పట్టుకున్నాడు. దిక్కులేని పిల్లను వదలకూడదని అంత గట్టిగా పట్టుకున్నాడని అనుకున్నాను. ఆ పట్టు తలుచుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయానో! అది నా కోసం కాదన్నమాట.

"నిన్ను పిలిచింటే నన్ను దింపేసేవాళ్లు," అన్నాను. "దొంగపాసని ఆయన్ని జైల్లో పెట్టేవాళ్లు. ఆయన ఇంగేం చేస్తాడక్కా?"

"తెలుసు. అన్నీ తెలుసు. తెలిసినా కాలకుండా ఉంటాదా?" అంది.

అని, తర్వాతి సంగతులు చెప్పింది. మొగుడు పోయి ఏడాదయిందట. పిల్లలు లేరు. నెలల తరబడి కాగితాల కోసం తిరిగి, కలకత్తా మీదుగా ఒక్కతే వచ్చిందట. నంద్యాలలో ఒక చర్చి దగ్గర రాజరత్నం ఉపదేశి అని అడిగితే, ఆయన పోయి అయిదేళ్ళయిందని, కూతురు ఆళ్లగడ్డలో ఉందని చెప్పారట. కూతురు ఉందన్న మాట విని కూడా బస్సెక్కి వచ్చిన మనిషి ఆవిడ. నేనైతే అక్కడే కూలిపోయేదాన్ని.

"నాకీ బంగళాతో పనిలే," అంది. "నీ పేరుతోనూ పనిలే. ఒగటే ఒగటి అడగాలని వచ్చినా. ఆనాటి నుంచి నాయన నా పేరు ఎప్పుడన్నా ఎత్తినాడా?"

ఎత్తాడా అంటే ఏం చెప్పను! ఆయన ఏటా ఎత్తాడు. మా ఓడ మద్రాసు చేరిన రోజు జ్ఞాపకంగా, జూన్ రెండో శనివారం ఓడోళ్ళంతా ఈ బంగళాలో చేరుతాం. ప్రార్థన అయ్యాక, రేవులో పిలిచినట్టే పాసుల వరసలో పేర్లు పిలుస్తాం. ఉన్నవాళ్ళు "ఉన్నాను" అనాలి. పోయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు "ప్రభువులో నిద్రించినారు" అనాలి. ఆ పిలుపు మొదలుపెట్టింది మా నాయనే. బతికున్నన్నాళ్ళూ తనే పిలిచాడు. తన పేరు తనే పిలుచుకుని పలికి, తర్వాత "జీవమ్మ" అని పిలిచేవాడు.

"ప్రతి ఏడూ పిలిచినాడక్కా. పద్నాలుగేండ్లు."

"నువ్వు పలికినావా?"

"పలికినా."

"ఆయన ముందరే?"

"ఆయన ముందరే. నేను పలికినాక రవ్వంతసేపు ఆగేవాడు. ఆయాసమేమో అనుకుంటి."

ఇంతటితో ఆపేసి ఉండొచ్చు. ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పేశాను కదా. కానీ ఇంకొకటి ఉంది. అయిదేళ్ళుగా దాన్ని ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది చెబితే ఆవిడకు తండ్రి తిరిగొస్తాడు, నాకు ఉన్న కాస్తా పోతాడు. చెప్పకూడదనే అనుకున్నాను, దాచడమెందుకు. దేవుడి తోడు, పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. కానీ ఆవిడ మళ్ళీ లేచి ఆ కండ్లద్దాల దగ్గరికి పోయి, ముట్టుకోవచ్చా అని నన్ను అనుమతి అడిగింది. సొంత తండ్రి కండ్లద్దాలు ముట్టుకోవడానికి నా అనుమతి! నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"డెబ్భై తొమ్మిది ఆగస్టులో," అన్నాను. "మూడు దినాల నుంచి ముద్ద మింగలే. మిట్టమధ్యాన్నం కండ్లు మూసుకోనే 'జీవమ్మా' అన్నాడు. 'ఈడే ఉండా నాయనా' అంటి. కండ్లు తెరిచి నన్ను చూసినాడు. నా చెంప తడిమినాడు. 'నువ్వు కాదమ్మా' అన్నాడు. అంతే. ఇంగ మాట్లాడలే."

ఆయన కోపంగా అనలేదు. నొచ్చుకుంటానేమోనని చెంప కూడా తడిమాడు. పద్నాలుగేళ్ళు వండిపెట్టి, బట్టలుతికి, కాళ్ళు పట్టి, చివరికి మలమూత్రాలు ఎత్తిపోసినదాన్ని. నువ్వు కాదమ్మా! ఆ రోజు నుంచి ఈ బంగళాలో నేను అద్దెకున్న మనిషిలాగే తిరిగాను.

ఆవిడ కండ్లద్దాలు రెండు చేతులతో పట్టుకుని బండ మీద కూర్చుని ఏడ్చింది. గొంతెత్తి ఏడ్చింది. నాపరాళ్ళ కింద గొంతు బాగా మోగుతుంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకే మనిషి కోసం ఏడుస్తున్నాం, ఒకరినొకరు పట్టుకోవడానికి మాత్రం మొహమాటం.

తర్వాత అన్నం పెట్టాను. జొన్నరొట్టెలు చేసే ఓపిక లేదు, అన్నమూ గోంగూర పప్పూ. రెండో కంచం కోసం పెట్టె కింది నుంచి వెతికి తీయాల్సి వచ్చింది. దాని మీద మందంగా దుమ్ము పట్టి ఉంది.

"అయిదు గంటల బస్సుకు పోతా," అంది తింటూ. "ఆ పిలుపేందో చూసి పోతా. నేను పలకను, నువ్వు బయపడొద్దు. నువ్వే పలుకు. ఇన్నేండ్లు మోసినావు, ఆ పేరు నీదే."

భయపడొద్దట. ఆవిడకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. సావుకారి ఈ గోడౌన్‌ను మా నాయనకు రాసిచ్చినప్పుడు కాగితంలో స్పష్టంగా రాయించాడు. రాజరత్నం గారూ, వారి తర్వాత వారి కుమార్తె జీవమ్మ, వారు ఉన్నంతకాలం ఇందులో కాపురం ఉండి మ్యూజియం చూసుకోవచ్చు, ఆ తర్వాత తిరిగి సావుకారి వారసులకే చెందుతుంది అని. నేను జీవమ్మను కాదంటే ఈ పూటే నా పెట్టె బయట పెట్టవచ్చు. ముప్పై ఆరేళ్ళ మనిషిని. ఇల్లు లేదు, మొగుడు లేడు, అన్నదమ్ములు లేరు. పేరు ఒక్కటే ఉంది, అదీ ఎరువు తెచ్చుకున్నది.

మూడు గంటల నుంచి జనం రావడం మొదలైంది. జనం అంటే మీరు ఏదో ఊహించుకోకండి. కిందటేడు పిలుపులో పలికినవాళ్ళు తొమ్మిదిమంది. మిగతా పేర్లకు గోడలే జవాబు. ఆ రోజు నాకు దిగులేసి, మా తర్వాతి ఓడల్లో వచ్చి సున్నిపెంటలో ఉంటున్నవాళ్ళకు కూడా ఈసారి కార్డులు రాశాను. మీ పేర్లు మా పాసుల్లో లేకపోయినా వచ్చి కూర్చోండి, భోజనం చేసి పోండి అని. వాళ్ళు పన్నెండుమంది వచ్చారు. మావాళ్ళు ఏడుగురు. చాపలు పరిచాను. ఆవిడ వెనక గుమ్మం పక్కన, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరని అడిగినవాళ్ళకు చూడవచ్చిన మనిషి అని చెప్పాను.

నాయన పోయాక పేర్లు పిలిచేది సంజీవయ్య పెద్దనాయన. నంద్యాలలో బట్టలు కుట్టే మనిషి, డెబ్భై దాటాయి. నేను రాసిచ్చిన జాబితానే కంటికి ఆనించుకుని చదువుతాడు. కీర్తన పాడాం, ప్రార్థన అయింది. పిలుపు మొదలైంది. "ఉన్నాను" అని ఒకరు. "ప్రభువులో నిద్రించినారు" అని ముగ్గురు. కొన్ని పేర్లకు ఎవరూ పలకలేదు, పెద్దనాయన కాసేపు ఆగి తర్వాతి పేరుకు పోయాడు.

"రాజరత్నం," అన్నాడు.

"ప్రభువులో నిద్రించినారు," అన్నాను. ఇది నాకు అలవాటే.

"జీవమ్మ."

నోరు తెరిచాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, నిద్రలో లేపినా అనేదాన్ని. కానీ ఆవిడ అక్కడ కూర్చుని ఉంది. తల దించుకుని, నేను పలుకుతానని ఎదురుచూస్తోంది. ఒకసారి కంచె అవతల నిలబడి విన్నది. మళ్ళీ ఇప్పుడు, తండ్రి ఇంట్లో, గుమ్మం పక్కన కూర్చుని వినాలి. నా వల్ల కాలేదు. పోతే పోనీ బంగళా, నా వల్ల కాలేదు.

"జీవమ్మా!" అని పెద్దనాయన జాబితా మీంచి తలెత్తాడు. "యాడ చూస్తాండావు పాపా? నిన్నే."

"ఆ పేరు నాది కాదు పెద్దనాయనా," అన్నాను. "నేను పాసు మీద వచ్చినదాన్ని. రాజరత్నం గారి కూతురు అదో, ఆడ కూచోనుండాది."

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. ఆవిడ నన్ను కోపంగా చూసింది, ఎంత పని చేశావే అన్నట్టు. తర్వాత సంచీ పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఉన్నాను," అంది. గట్టిగా కూడా అనలేదు. అయినా అందరికీ వినపడింది.

పెద్దనాయన కండ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడను చూశాడు, నన్ను చూశాడు. మావాళ్ళకు పాసు బంధువుల సంగతి కొత్త కాదు, కానీ పంతొమ్మిదేళ్ళపాటు ఇట్లా గుట్టుగా ఉన్నవాళ్ళెవరూ లేరు. మా ఓడలో పెగూవాళ్ళు ఇంకెవరూ లేకపోబట్టి నా గుట్టు దాగింది.

"ఆమె జీవమ్మయితే, మరి నువ్వెవురమ్మా?" అన్నాడు.

ఆ మాటలో తిట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పంతొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

"ప్రేమకుమారి," అన్నాను. ఆ పేరు నా నోటికే కొత్తగా తగిలింది. "రంగూన్ పజన్‌డాంగ్ కాలువ కాడ, బియ్యం మిల్లులో తవుడెత్తే అనసూయమ్మ కూతుర్ని. నా పేరు ఏ పాసులోనూ లేదు."

ఇక అరుపులు మొదలవుతాయి, పెట్టె సర్దుకోవడమే అని చూస్తున్నాను. అప్పుడు సున్నిపెంటవాళ్ళ వరసలోంచి గురుస్వామి అనే ఆయన లేచాడు. డ్యామ్ దగ్గర తాపీపని చేసే మనిషి. నేను కార్డు మీద పేరు రాయడమే తప్ప ఆ రోజుకు ముందు ముఖం చూసి ఎరగను.

"ఏ అనసూయమ్మ?" అన్నాడు. "ఎడం చేతి చిటికిన ఏలు మిల్లు బెల్టులో పోయిన అనసూయమ్మేనా?"

మా అమ్మ వేలు సంగతి నేను మా నాయనకు కూడా చెప్పలేదు. ఇక్కడ బతికున్నవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

"నీకెట్ల తెలుసప్పా?" అన్నాను.

"అయ్యో తల్లీ, మా ఇంటెనకాల గుడిసెలో ఉండాది గదమ్మా!" అన్నాడు. "ఆస్పత్రిలో మంచం మార్చినారంట. లేచి తిరిగేసరికి నువ్వు లేవు. అరవై ఆరులో ఓడెక్కి వచ్చింది. దిగిన కాడి నుంచి కనపడిన ప్రతి పాసులోనూ నీ పేరు ఎతికించింది."

నేను స్తంభం పట్టుకున్నాను. ఆవిడ, జీవమ్మ, ఎప్పుడు వచ్చిందో నా వెనక వచ్చి భుజం పట్టుకుంది.

"ఉండాదా?" అన్నాను. "ఇప్పుడూ ఉండాదా?"

"పొద్దున గూడా మాట్లాడే వచ్చినా," అన్నాడు గురుస్వామి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాతోపాటు రా అవ్వా, ఓడోళ్లంతా కలుస్తారంట, పేర్లు పిలుస్తారంట అంటి. రాలే. 'నా బిడ్డ పేరు ఆడ పిలవరప్పా, నేనొచ్చి ఏం చెయ్యల్ల' అనింది."